పద్నాలుగో ఊరు

బ్రాడీపేట, గుంటూరు
ఆదివారం

చి. రాధికకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు కూడా క్షేమమేనని వాట్సాప్‌లో నువ్వు పంపే ఆ బొటనవేలు చెబుతోంది, నీ నోటితో విని మాత్రం చాలా రోజులైంది. ఫోను చేస్తే మీటింగులో ఉన్నానంటావు. రాత్రి పది గంటలకు మీటింగేమిటో నాకు అర్థం కాదు. అందుకని కాగితం, కలం తీశాను. ఉత్తరాన్నయితే ‘సరేనమ్మా, ఉంటాను’ అని మధ్యలో పెట్టేయలేవు కదా.

మీ నాన్నగారికి మోకాలి నొప్పి తగ్గింది. రోజూ సాయంత్రం మిర్చి యార్డు వైపు ఒకసారి వెళ్లిరాకపోతే ఆయనకు అన్నం సయించదు. కొట్టులో గుమస్తాగిరీ మానేసి ఇన్నేళ్లయినా ధర ఎంత పలికిందో తెలుసుకోకుండా నిద్ర పట్టదు. కొత్త కాయ దిగుతోంది. ఆయన చొక్కా ఉతకడానికి తీస్తే ఇంటిల్లిపాదికీ తుమ్ములు. వెనకింటి వాళ్లు మళ్లీ బోరు వేయిస్తున్నారు. రాజ్యం పిన్నికి కంటి ఆపరేషను బాగా జరిగింది.

ఆ పిన్నిని చూడటానికి శ్రీను హైదరాబాదు నుంచి వచ్చి, ఇటు కూడా వచ్చాడు. కాఫీ తాగుతూ, ‘రాధికక్క పరిశోధన పేపరు పత్రిక నుంచి వెనక్కి వచ్చిందట కదా పెద్దమ్మా’ అన్నాడు. నాకు ముందే తెలిసినట్టు తల ఊపాను. వాడికి నీ హాస్టల్లో ఎవరు చెప్పారో నేను అడగలేదు. వచ్చిందో లేదో నిన్నూ అడగడం లేదు. వచ్చినా కొంప మునిగేదేమీ లేదు, అంతే చెబుతున్నాను.

బుజ్జిని ముప్పై వేలు అడిగావట. అదీ నేను అడగను. వాడు నీ అన్న, నువ్వు వాడి చెల్లెలివి, మధ్యలో నేనెవరిని? వాడు ఇస్తానన్నాడు, దేనికని కూడా అనలేదు. వాడిది మొదటి నుంచీ అదే ధోరణి, కూరల వాడు ఎంత చెబితే అంత ఇచ్చి వస్తాడు.

పండక్కి వచ్చినప్పుడు నాన్నగారి ఫోనుకు నీ పేపరు పంపించి, ‘అమ్మా, అచ్చుతప్పులు చూసి పెట్టు’ అన్నావు. మాట వరసకు అన్నావేమో, నేను మాత్రం వీధి చివర జిరాక్సు షాపులో ప్రింటు తీయించి, ఎర్ర కలంతో కూర్చున్నాను. సైన్సు నాకు తెలియదు. కానీ పెళ్లికి ముందు, పెళ్లయ్యాక కూడా, ఈ ఊళ్లో ఎన్ని థీసిస్‌లు నా వేళ్ల కింద నుంచి వెళ్లాయో నీకు తెలుసు. కాగితం చూస్తే రాసినవాడు ఏ పూట తొందరలో ఉన్నాడో చెప్పగలను.

నీ మిరప తామర పురుగు శాస్త్రీయ నామం ఒక్కో చోట ఒక్కో రకంగా పడింది. త్రిప్స్‌కు పెద్ద అక్షరం, పార్విస్పైనస్‌కు చిన్న అక్షరం ఉండాలి. నువ్వు రెండు పేజీల్లో రెండింటికీ పెద్ద అక్షరాలే పెట్టావు. మా కాలంలో టైపు మిషనుకు వాలు అక్షరాలు ఉండేవి కావు, శాస్త్రీయ నామం కింద గీత కొట్టేవాళ్లం. అది ప్రెస్సు వాడికి ‘దీన్ని వాలుగా వెయ్యి’ అని చెప్పే గుర్తు. ఇప్పుడు ఒక్క మీట నొక్కితే వాలుతుంది, అయినా నీ పట్టికల్లో సగం నిటారుగానే ఉన్నాయి.

పురుగుల్ని పట్టే నీలం జిగురు అట్టలు ఎంత ఎత్తులో కట్టావో ఎక్కడా రాయలేదు. చెట్టు తల ఎత్తుకు సరిగ్గా కట్టావని, మొక్క ఎదిగేకొద్దీ తాడు పైకి జరిపేదానివని నాకు తెలుసు. మన వరండాలోనే కదా, పూలు తెల్ల కాగితం మీద దులిపి, భూతద్దం పెట్టుకుని, నల్లటి నలుసుల్ని సూదిమొనతో ఒక్కొక్కటీ పక్కకు నెడుతూ లెక్కపెట్టావు. ఫ్యాను వేస్తే ఎగిరిపోతాయని మమ్మల్నందరినీ చెమటలో కూర్చోబెట్టావు. ఆ పద్ధతి ఇంట్లో వాళ్లకు తెలిస్తే చాలదు. పంజాబులో ఉన్నవాడు చదివి, నువ్వు చేసినట్టే చేసి చూసుకోగలగాలి. లేకపోతే పత్రిక తరఫున పేపరు పరీక్షించే రివ్యూయరు మొదట అక్కడే పట్టుకుంటాడు.

ఇక అబ్‌స్ట్రాక్టు, అదే మొదట్లో ఇచ్చే సారాంశం. జర్నలు వాళ్లు 250 మాటలు దాటవద్దన్నారని నువ్వే పైన రాసుకున్నావు. లెక్కపెట్టాను, దాటింది. ‘2015లో మన దేశంలో మొదట బొప్పాయి మీద కనిపించిన ఈ పురుగు 2021లో మిరప పూతను తినేసింది’ అన్నది ఉపోద్ఘాతంలో ఎలాగూ ఉంది, అబ్‌స్ట్రాక్టులో మళ్లీ ఎందుకు? ఫొటోలు వాళ్లు విడిగా, 300 డీపీఐ స్పష్టతతో అడిగితే నువ్వు పేజీల మధ్యలో అతికించావు. లోపల ప్రస్తావించిన పేర్లలో కొన్ని చివరి జాబితాలో లేవు. ఎర్ర సిరాతో సున్నాలు చుట్టాను, చూసుకో. ఇంత చెప్పాక కూడా ఇంగ్లీషు బాగుందనే అంటాను.

ఇవన్నీ చిన్నవి. పెద్దది ఒకటుంది. మొదటి పేజీలో 14 గ్రామాలు అన్నావు. మూడో పట్టికలో 13 వరసలే ఉన్నాయి.

దీనికి నీకో కథ చెప్పాలి, విసుక్కోకు.

1979లో, నాకింకా పెళ్లి కాలేదు, అరండల్‌పేటలో టైపు ఇన్‌స్టిట్యూటులో పొద్దున పిల్లలకు నేర్పి, మధ్యాహ్నం నుంచి జాబ్ టైపింగ్ చేసేదాన్ని. రేపల్లె వైపు నుంచి ఒకాయన వచ్చేవాడు. వరి మీద పరిశోధన. తెల్ల పంచె, చంకలో సంచి, సంచిలో పొలం నోటుబుక్కులు. సోమవారం థీసిస్ ఇచ్చేయాలి, శుక్రవారం పట్టికలు తెచ్చాడు. ఒక ఒరిజినల్, నాలుగు కార్బన్ కాపీలు. ఇప్పటి పిల్లలకు ఇది చెప్పినా అర్థం కాదు. ఒక్క అంకె తప్పు పడితే ఐదు కాగితాల మీదా విడివిడిగా రబ్బరుతో చెరపాలి. రుద్దేటప్పుడు కింద కాగితానికి మసి అంటకుండా మధ్యలో చీటీలు పెట్టుకోవాలి. అందుకని పట్టిక కొట్టే ముందు నేను పెన్సిలుతో కూడికలు వేసుకునేదాన్ని. పైన ఆరు మడులు అని ఉంది, కింద ఐదు మడుల అంకెలే ఉన్నాయి. ‘ఆరోది ఏమైందండీ’ అన్నాను. ఆయన నుదురు తుడుచుకుని, ‘మీకెందుకమ్మా, అక్కడ సగటు వచ్చేట్టు ఏదో ఒకటి కొట్టెయ్యండి’ అన్నాడు. కొట్టనన్నాను. కోపం వచ్చి కాగితాలు తీసుకుని ఎదుటి ఇన్‌స్టిట్యూటుకు వెళ్లాడు. మా ఓనరు గారు ఆ పూటంతా నన్ను సాధించారు. కుదిరిన బేరం పోయిందని ఆయన బాధ.

చీకటి పడ్డాక, తాళం వేసే వేళకు, మళ్లీ వచ్చాడు. ఎదుటి వాళ్లకు తీరిక లేదన్నారట. అంతకుమించి సంస్కారమేమీ రాలేదు మరి. వచ్చి కూర్చుని నోటుబుక్కు తీశాడు. 1977 నవంబరు 19 తరువాత ఆ మడికి అంకెల్లేవు, తుపాను. దివిసీమను తుడిచిపెట్టిన ఆ ఉప్పెన మన జిల్లా తీరం మీద కూడా పడింది కదా. ఆయన ఆరో మడి నీళ్ల కింద ఉండిపోయింది. కాగితాలు తడిసి ఎండి, అట్టలా బిగిసిపోయి ఉన్నాయి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముందండీ అంటే, ‘పని సగంలో పోయిందనుకుంటారేమోనని’ అన్నాడు. పట్టికలో ఆ గడి ఖాళీగా వదిలి, నక్షత్రం కొట్టి, కింద ఒక్క వాక్యం వేశాం. ఆ వాక్యం వల్ల పేజీ పొడుగై, ఆ అధ్యాయం చివరి దాకా పేజీలన్నీ జరిగాయి. మా తమ్ముడు పెట్రోమాక్సు లైటు పట్టుకుని నిలబడ్డాడు, కరెంటు లేదు ఆ రాత్రి. పనంతా అయ్యాక వైవాలో ఆ నక్షత్రం గురించి ఒక్కరూ అడగలేదట. ‘అంత శ్రమపడితే ఒక్కడైనా చూడలేదు’ అని మిఠాయి ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆయన వాపోయాడు. బాకీ మాత్రం ఇంకో రెండు పండగలు గడిచాక తీర్చాడు.

నీ పద్నాలుగో ఊరేదో నాకు తెలుసు. ఆ రైతు డిసెంబరులో మిరప పీకేసి, దున్నించి, మొక్కజొన్న వేశాడు. నువ్వు అట్టలు తెచ్చుకుందామని వెళ్తే అవి గట్టు మీద కుప్పగా పడి ఉన్నాయి. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి స్కూటరు తాళం బల్ల మీద పడేసి, అన్నం ముట్టలేదు. రైతు పంట పీకేశాడన్నది కూడా నీ లెక్కలోదే, పురుగు ఎంత పని చేసిందో అదే చెబుతోంది. ఆ ఊరిని మింగేసి 13 అని దిద్దడమూ వద్దు, తక్కిన ఊళ్ల సగటు తెచ్చి అక్కడ పెట్టడమూ వద్దు. నువ్వు పెడతావని కాదు. ముప్పై వేలు పోసి తొందరగా అచ్చువేయించుకుంటే ఇటువంటివి అడిగేవాడు ఎవడూ ఉండడు, అదే నా దిగులు.

అదిగో, అననని అనేశాను.

మొన్న గుడి దగ్గర మాస్టారు కనిపిస్తే ఊరికే కదిపాను, నీ పేరు ఎత్తలేదు. ఆయన రిటైరైనా ఈ సంగతులన్నీ చదువుతూనే ఉంటారు. ‘మీ విశిష్ట పరిశోధన చూసి ముగ్ధులమయ్యాము, వారంలో ప్రచురిస్తాము’ అని మెయిలు వస్తే అది పత్రిక కాదు, దుకాణం అన్నారు. అమెరికాలో జెఫ్రీ బీల్ అనే లైబ్రేరియన్ అటువంటి వాటి జాబితా పెట్టి, 2017లో తీసేశాడట. మంచి పత్రికలకు మన యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) వాళ్లు నడిపిన కేర్ జాబితాను కూడా 2025లో ఎత్తేశారు కాబట్టి, ఇప్పుడు ఎవరికి వాళ్లు చూసుకోవలసిందేనన్నారు. డబ్బు తీసుకునే పత్రికలన్నీ చెడ్డవి కావని కూడా చెప్పారు. ఎవరైనా ఉచితంగా చదువుకునేట్టు పెట్టే మంచి పత్రికలు రుసుము అడుగుతాయి, కానీ అదెంతో ముందే బాహాటంగా రాసిపెడతాయి, సాధారణంగా పేపరు అంగీకరించాకే కట్టమంటాయి, ఇవ్వలేని వాళ్లకు తగ్గిస్తాయి కూడా. అటువంటి ఉచిత పత్రికలకు డీఓఏజే అనే జాబితా ఉందట, అందులో ఉందో లేదో చూడమను అన్నారు. ‘చూడమను’ అన్నారంటే నీ సంగతని ఆయనకు అర్థమైపోయినట్టే.

ఇంకోటి. 2022 నిబంధనల్లో, థీసిస్ ఇచ్చే ముందు పేపరు అచ్చు కావాలన్న షరతును యూజీసీ తీసేసిందట. మీ యూనివర్సిటీ వాళ్లు సొంతంగా పెట్టుకుని ఉంటే అది వేరు. పెట్టారా లేదా, కాగితం మీద చూశావా, ఎవరో అన్నారని పరుగెడుతున్నావా? మీ గైడు గారిని నేరుగా అడుగు. పెద్దవాళ్లను అడగడానికి నీకు చిన్నప్పటి నుంచీ మొహమాటం, ఎలిమెంటరీ స్కూల్లో దాహం వేసినా అడిగేదానివి కాదు.

వెనక్కి రావడం గురించి కూడా మాస్టారు ఒకటి చెప్పారు. 1937లో క్రెబ్స్ అనే ఆయన పంపిన పేపరును నేచర్ పత్రిక చోటు లేదని తిప్పి పంపితే, ఎంజైమోలోజియాలో వేసుకున్నాడట, ఆ పనికే 1953లో నోబెల్ వచ్చిందట. నాకు ఇదేమీ ఓదార్పుగా అనిపించలేదు. నోబెల్ వచ్చినవాళ్ల కథలే మనకు తెలుస్తాయి, రానివాళ్ల సంగతి ఎవరు చెబుతారు? ముందు నువ్వు వేళకు తిను. వెనక్కి పంపినవాళ్లు కారణాలు రాశారా? రాస్తే వాటిని చింపెయ్యకు. ఒక్కొక్క అభ్యంతరం కింద నీ జవాబు రాసుకుని, దిద్ది, ఇంకో పత్రికకు పంపు. ఒకేసారి రెండు పత్రికలకు మాత్రం పంపకు, అది తప్పని నీకు నేను చెప్పాలా? ఆ కొత్త పత్రిక నియమాలు మొదటి నుంచి చివరి దాకా చదువు. సమీక్షకులకు రచయితల పేర్లు తెలియకూడదని వాళ్లంటే, ఫైలులో నీ పేరు, కాలేజీ పేరు, కృతజ్ఞతలు అన్నీ తీసి విడి పేజీలో పెట్టాలి. వరసలకు నంబర్లు వెయ్యమంటే వెయ్యి. కవరింగ్ లెటరులో పాత పత్రిక ఎడిటరు పేరు మిగిలిపోకుండా చూసుకో, ఈ పొరపాటు నా దగ్గరికి వచ్చిన వాళ్లలో చాలామంది చేసేవాళ్లు.

కృతజ్ఞతల్లో రైతులందరినీ ఒక ముక్కలో తేల్చేశావు. ఎండలో నీకు మజ్జిగ ఇచ్చిన వాళ్లు వాళ్లు. ఊళ్ల పేర్లైనా రాయి. రచయితల వరసలో నీ పేరు ముందుందా వెనకుందా అని మాత్రం మనసు కష్టపెట్టుకోకు. 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి మీద పేపరులో ఫిస్క్ పేరు ముందు, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు తరువాత. ఇప్పటికీ ఆ పద్ధతిని ఇద్దరి పేర్లతోనే పిలుస్తారు. మీ తాతయ్య ఈ మాట చెప్పని రోజు ఉండేది కాదు. పని చేయనివాళ్ల పేరు చేర్చమంటే మాత్రం అది వేరే సంగతి, అప్పుడు నాకు చెప్పు. నేను చేయగలిగింది లేదనుకో, అయినా చెప్పు.

ఆ పత్రిక పేరు రాసి పంపు, మాస్టారికి చూపిస్తాను. మంచిదేనంటే ముప్పై వేలు నేనే ఇస్తాను. బుజ్జికి ఇంటి వాయిదాలున్నాయి, వాడి భార్య ఏమీ అనదు కానీ అనకపోతే మనం చూసుకోవద్దా? పత్రిక కోసం కాదు, మరి దేనికో అయితే అదీ చెప్పు. ఆరోగ్యం సంగతైతే రేపే బయలుదేరి వస్తాను. ఒకవేళ ఇప్పటికే కట్టేసి ఉంటే చెప్పడానికి భయపడకు. మీ నాన్నగారికి నేను చెప్పుకుంటాను.

ఉంటాను.

మీ అమ్మ

తా.క.: ఆర్టీసీ కార్గోలో డబ్బా వేశాను, రసీదు ఫొటో తీసి పంపుతాను. కందిపొడి, సున్నుండలు, నీ ఉన్ని స్వెటరు ఉన్నాయి. సున్నుండలు గదిలో అందరికీ పంచేసి నువ్వు బిస్కెట్లు తినకు. నేను దిద్దిన కాగితాలు అడుగున ఉన్నాయి, నెయ్యి అంటకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టాను. ఏడో పేజీలో ఒక కూడిక రెండుసార్లు వేసినా నాకు నీ అంకె రావడం లేదు, నోటుబుక్కు దగ్గర పెట్టుకుని ఫోను చెయ్యి. తొమ్మిదిన్నర దాటితే నాన్నగారు పడుకుంటారు, నా నంబరుకు చెయ్యి.