సందు మాట, సంధి మూలం: ప్రధానోపాధ్యాయురాలి లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

గత నెల ఎనిమిదవ తరగతి విజ్ఞానశాస్త్ర పాఠంలో కణాల మధ్య ఉండే ఖాళీల ప్రస్తావన వచ్చినప్పుడు, ‘ఇంటర్‌స్టిస్’ను తెలుగులో ఏమంటారని ఒక విద్యార్థిని అడిగింది. ‘అంతరాళం’ అని ఉపాధ్యాయులు చెప్పిన జవాబు సరైనదే. అయితే వెనుక వరుసలో నుంచి ‘సందు అంటే చాలదా సార్?’ అని వినిపించిన ప్రశ్న నాకు ఇంకా నచ్చింది.

సందు అనే మాటకు మూలం సంస్కృతంలోని ‘సంధి’. ‘సం’ అంటే కూడి, ‘ధా’ అంటే ఉంచడం; అంటే రెండింటిని ఒకచోట చేర్చడం. చేర్చడాన్ని చెప్పే మాట ఖాళీకి పేరెలా అయిందని ఎవరికైనా సందేహం కలుగుతుంది. తలుపు రెక్కలు కలిసే చోటును, పళ్ల వరుసను, ఆనుకుని కట్టిన రెండిళ్ల గోడలను చూస్తే, ఎంత దగ్గరగా చేరినవైనా సరే, కలిసే చోటనే కాస్త ఎడం మిగులుతుందని తెలుస్తుంది. ఆ చోటి పేరే ఎడానికీ స్థిరపడింది. ‘ఇంటర్‌స్టిస్’కు మూలమైన మాటకు లాటిన్ వారు మాత్రం ‘ఇంటర్’ అంటే నడుమ, ‘సిస్టెరే’ అంటే నిలవడం అని, నడుమ నిలిచినదాన్ని బట్టి పేరు పెట్టారు.

చెన్నైలో పెరిగే మన పిల్లలకు ఈ మాట పరాయిది కాదు. ఇరుకు వీధిని తమిళులూ సందు అనే అంటారు. (‘సందట్లో సడేమియా’లో ఉన్నది మాత్రం సందడి; మా పిల్లల్లో సగం మంది దాన్నీ సందే అనుకుంటున్నారు.)

వ్యాకరణంలోనూ ఇదే కథ. ‘రాముడు’, ‘అతడు’ కలిసి ‘రాముడతడు’ అయినప్పుడు రెండచ్చుల నడుమ సందు పూడిపోతుంది. సంధి జరగని చోట, ‘మా’, ‘అమ్మ’ మాటల మధ్య ‘య’ వచ్చి నిలిచి ‘మాయమ్మ’ అవుతుంది. యడాగమాన్ని సూత్రంగా బట్టీ పట్టే పిల్లలకు, అది సందులో దూరిన అక్షరమని చెబితే వెంటనే అర్థమవుతోందని తెలుగు ఉపాధ్యాయిని చెప్పారు.

ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి గారి జయంతి నాడు జరిగే తెలుగు భాషా దినోత్సవానికి, చిన్న ఖాళీల పేర్లతో గోడపత్రిక తయారు చేస్తున్నాము. నల్లరేగడి నేల నెర్రె, గోడ బీట, సూది బెజ్జం, కంచె కంత ఇప్పటికే చేరాయి. మీ ఇంట్లో అమ్మమ్మలు, తాతయ్యలు వాడే మాటలను, అవి ఏ ఊరివో కూడా రాసి, ఆగస్టు 22లోగా తరగతి ఉపాధ్యాయులకు అందజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు