చెట్లు పెంచే రైతుకు తోడెవరు?

ప్రియమైన సుధాకర్‌కు,

నీ ఉత్తరం అందింది. ఫిన్లాండ్‌లోని మీ తంపెరే ఊరి చలి కబుర్లన్నీ చదివాను కానీ, మీ నాన్నగారి నాలుగెకరాల్లో చెట్లు వేద్దామన్న నీ ఆలోచన దగ్గరే మనసు ఆగిపోయింది. తప్పకుండా వేయి. ఈ వయసులో ఆయన మిర్చి పెట్టుబడులు, కూలీల వెతుకులాట పడలేరు. పొలం బీడు పడటం చూడలేరు కూడా. అయితే ఒక మాట ముందే చెబుతాను. మొక్క నాటడం సులభం. దాన్ని సరైన ధరకు అమ్ముకోవడమే కష్టం.

మన ఒంగోలు వైపు సంగతి నీకు తెలుసు కదా, తీరపు ఇసుక నేలల్లో సరుగుడు, లోపలికి వెళితే జామాయిల్, సుబాబుల్. కాగితపు మిల్లులు తమకు కావలసిన కలపను రైతులతో నేరుగా సంబంధం పెట్టుకుని పెంచుకోవాలని 1988 జాతీయ అటవీ విధానమే చెప్పింది. సారపాక, రాజమహేంద్రవరం మిల్లులకు వెళ్లే కలపలో మనలాంటి చిన్న రైతులు పెంచింది చాలా ఉంది. ఇప్పుడు మంచి చెట్టు కొమ్మల నుంచి పెంచిన క్లోన్ మొక్కలూ దొరుకుతున్నాయి. జామాయిల్ అయితే ఒకసారి నరికినా మోడు నుంచి మళ్లీ పిలకలు వస్తాయి.

కొనేవాడు రోజూ కొంటాడు. రైతు నాలుగేళ్లకో ఐదేళ్లకో ఒక్కసారి అమ్ముతాడు. తోటలో ఎన్ని టన్నులు ఉన్నాయో అతనికి అంచనా ఉండదు. దళారి గట్టు మీద నిలబడి ఒకసారి చూసి, మొత్తం గుత్తకు ఇంత అంటాడు. టన్ను లెక్కన అమ్ముదామా అంటే ఇంకో చిక్కు. నరికిన కలప ఎండకు తడి ఆరి రోజురోజుకూ తేలికవుతుంది. పోయిన వేసవిలో మా పక్క పొలం రైతుకు వ్యాపారి చెప్పిన రోజుకు లారీ పంపలేదు. కట్టెలు గట్టు మీదే ఎండాయి. తగ్గిన బరువంతా రైతు నష్టమే. ఆలస్యం చేసినవాడికి రూపాయి కూడా పోలేదు. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఎవరిని అడగాలి చెప్పు? వ్యవసాయ అధికారి దృష్టంతా వరి, పత్తి, మిర్చి మీద. అటవీ అధికారి పని రిజర్వు అడవితో. కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో కలప లేదు. జామాయిల్ లేత ఆకుల మీద బుడిపెలు కట్టించే పురుగు పడితే, చూసి చెప్పే మనిషి కోసం నర్సరీ వాళ్ల వెంటే తిరగాలి. పొలాల్లో చెట్ల పెంపకం కోసం 2014లో జాతీయ వ్యవసాయ అటవీ విధానం వచ్చినప్పుడు నేను ఎంతో సంతోషించాను. కానీ అది గట్టు దాకా రావాలంటే మనిషి కావాలి.

నువ్వున్న దేశంలో ఆ మనిషి ఉన్నాడు. ఫిన్లాండ్‌లో అడవి భూమిలో సగానికి పైగా మామూలు కుటుంబాలదే. ఆ యజమానులే కలిసి నడుపుకునే సంఘాలు ప్రాంతాల వారీగా ఉన్నాయి. సంఘం సలహాదారు తోటకు వచ్చి, ఎంత కలప ఉందో అంచనా వేసి, ఎప్పుడు పలచన చేయాలో చెప్పి, అమ్మకంలో యజమాని తరఫున మాట్లాడతాడు. కలప కొలతకే వాళ్లకు ప్రత్యేక చట్టం ఉంది! మనకూ మండలానికి అలాంటి ఒక్క మనిషి, రైతుల చేతిలో ఉండే ఒక్క కాటా చాలు. ఉచిత మొక్కల పంపిణీకి పెట్టే శ్రద్ధలో కొంత ఇటు పెట్టాలని నేను కనిపించిన ప్రతి అధికారికీ చెబుతున్నాను.

నీ విషయానికి వస్తే, నాలుగెకరాలూ ఒకే ఏడాది వేయకు. ఈ ఏడు రెండు, వచ్చే ఏడు రెండు వేస్తే ధర పడిపోయిన సంవత్సరం మొత్తం మునగదు. మొదటి ఏడాది వరుసల మధ్య మినుమో పెసరో వేసుకోవచ్చు. టేకు, ఎర్రచందనం జోలికి ఇప్పుడే వెళ్లకు. వాటిని నరకడానికీ తరలించడానికీ అనుమతుల కోసం మీ నాన్నగారు తిరగలేరు. మట్టి పరీక్షకు నమూనా ఈ వారమే నేను తీయిస్తాను.

నువ్వు ఒక పని చేసిపెట్టు. అక్కడి సంఘం అడవి యజమానితో రాసుకునే ఒప్పందం నమూనా సంపాదించి, అందులో ఏముందో తెలుగులో రాసి పంపు. సరుగుడు రైతులం పదిహేను మందిమి వచ్చే నెల కూర్చుంటున్నాం, వాళ్లకు చదివి వినిపిస్తాను. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
రాఘవ