ద్విబంధం ఉంటే ఎస్‌పీ2 అన్న సూత్రం చాలదు

సంపాదకులకు,

సేంద్రియ సమ్మేళనాల్లో కార్బన్ సంకరీకరణం (ఎలక్ట్రాన్లుండే దాని ఎస్, పీ ఆర్బిటాళ్లు బంధాల కోసం కలిసే తీరు) చెప్పమంటే మన ఇంటర్ పిల్లలు తడుముకోకుండా ఒక సూత్రం ఒప్పజెబుతారు: అన్నీ ఏకబంధాలైతే ఎస్‌పీ3, ద్విబంధం ఉంటే ఎస్‌పీ2, త్రిబంధం ఉంటే ఎస్‌పీ. ఈథేన్, ఇథిలీన్, ఎసిటిలీన్ వరకు ఇది నడుస్తుంది. అల్లీన్ (CH2=C=CH2) దగ్గరే బోల్తా పడుతుంది. అందులో మధ్య కార్బన్‌కు రెండు పక్కలా ద్విబంధాలే, అయినా అది ఎస్‌పీ. టెర్షరీ బ్యూటైల్ కార్బొకాటయాన్‌లో ధనావేశమున్న కార్బన్‌కు ఉన్నవన్నీ ఏకబంధాలు, అయినా అది ఎస్‌పీ2.

లెక్కపెట్టాల్సింది ఆ కార్బన్ చుట్టూ ఉన్న సిగ్మా బంధాలను, ఒంటరి జంటలను (బంధంలో లేని ఎలక్ట్రాన్ జంటలను). బంధం ఏదైనా అందులో సిగ్మా ఒక్కటే, మిగిలినవి పై (π) బంధాలు. మొత్తం 4 వస్తే ఎస్‌పీ3, 3 వస్తే ఎస్‌పీ2, 2 వస్తే ఎస్‌పీ. పై బంధాలను, ఖాళీ పీ ఆర్బిటాల్‌ను కలపకూడదు. గీతలతో వేసే నిర్మాణాల్లో హైడ్రోజన్లు కనిపించవు. వాటిని ముందే రాసుకోకపోతే లెక్క తప్పుతుంది.

ఆ తర్వాత రెజొనెన్స్, అంటే ఎలక్ట్రాన్లు పక్క బంధాలకూ పరచుకోవడం, చూడాలి. మీథైల్ కార్బానయాన్‌లో రుణావేశమున్న కార్బన్‌కు 3 సిగ్మా బంధాలు, ఒక ఒంటరి జంట కలిపి 4, కాబట్టి ఎస్‌పీ3. అల్లైల్ కార్బానయాన్‌లో (CH2=CH–CH2⁻) రుణావేశమున్న చివరి కార్బన్‌కూ లెక్క 4 వస్తుంది. కానీ దాని ఒంటరి జంట పక్కనున్న పై బంధంతో కలవాలంటే పీ ఆర్బిటాల్‌లో ఉండాలి, అందుకే అది ఎస్‌పీ2. మంచి విద్యార్థులు కూడా ఇక్కడే మార్కు పోగొట్టుకుంటారు.

పోయేది మార్కు మాత్రమే కాదు. అల్లీన్ మధ్య కార్బన్ ఎస్‌పీ అని తెలిస్తే దాని రెండు పై బంధాలు ఒకదానికొకటి లంబంగా ఉంటాయని, కాబట్టి చివరి సీహెచ్2 సమూహాల తలాలు కూడా లంబంగానే ఉంటాయని తెలుస్తుంది. కైరల్ కార్బన్ (నాలుగు వేర్వేరు సమూహాలున్న కార్బన్) ఒక్కటీ లేని, అల్లీన్ రకానికే చెందిన 2,3-పెంటాడయీన్ కైరల్ (తన అద్దపు ప్రతిబింబంతో ఏకీభవించనిది) ఎలా అయిందో అప్పుడే అర్థమవుతుంది. ఆమ్లత్వమూ అంతే. ఎస్ స్వభావం (ఎస్ ఆర్బిటాల్ వాటా) ఎస్‌పీ3లో 25 శాతం, ఎస్‌పీ2లో 33, ఎస్‌పీలో 50; అది పెరిగేకొద్దీ ఆమ్లత్వమూ పెరుగుతుంది. ఈథేన్ పీకేఏ (ఇది తగ్గేకొద్దీ ఆమ్లం బలమైనది) సుమారు 50, ఇథిలీన్‌ది 44, ఎసిటిలీన్‌ది 25. అమ్మోనియాది 38 కాబట్టి దాని నుంచి వచ్చే క్షారం సోడమైడ్ ఎసిటిలీన్ నుంచి ప్రోటాన్‌ను లాగేయగలదు. నీటిది 15.7 మాత్రమే, అందుకే సోడియం హైడ్రాక్సైడ్ ఆ పని చేయలేదు.

మీ విద్యా పేజీలో ఇచ్చే మాదిరి ప్రశ్నల్లో అల్లీన్, కీటీన్ (CH2=C=O), కార్బొకాటయాన్, అల్లైల్ కార్బానయాన్‌లను చేర్చండి. జవాబు కింద ‘ఎస్‌పీ2’ అని వదిలేయకుండా సిగ్మా బంధాల లెక్క కూడా అచ్చువేయాలని కోరుతున్నాం.

– కెమిస్ట్రీ లెక్చరర్లు, ఖమ్మం