తయారైన ఊళ్లోనే అమ్మకం జరగాలి

సంపాదకులకు నమస్కారం. మా దగ్గరి ఏటికొప్పాక లక్క బొమ్మలు తయారైన ఊళ్లోనే అమ్ముడుపోవాలని నాకు అనిపించింది ఒక అమెరికా అనుభవం వల్ల.

అమెరికాలో కొలంబస్ నగరంలో ఉంటున్న మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, అక్కడికి ఈశాన్యంగా ఉన్న హోమ్స్ కౌంటీలో, పాత పద్ధతుల్లో జీవించే ఆమిష్ అనే క్రైస్తవ శాఖవారి పల్లెలను చూశాను. కార్లు కొనుక్కోకుండా గుర్రపు బగ్గీల మీద తిరుగుతూ, ఇంటికి కరెంటు తీగ లాగించుకోని ఆ కుటుంబాలవారు ఓక్, చెర్రీ, వాల్‌నట్ కలపతో మంచాలు, బల్లలు, కుర్చీలు చేస్తారు. బెర్లిన్, వాల్‌నట్ క్రీక్ వంటి చిన్న ఊళ్లలోనే వాటి దుకాణాలున్నాయి. ఆ ప్రాంతంలో ద్రాక్షతో వైన్ తయారుచేసి అక్కడికక్కడే అమ్మేవారు కూడా ఉన్నారు. ఆదివారం ఆమిష్ వారి దుకాణాలు తెరవరని తెలిసి, కొనదలచినవారు మిగతా రోజుల్లోనే నగరాల నుంచి వస్తారు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి బొంతలు. గుడ్డముక్కలు జతచేసిన పైపొరను, మధ్యలో దూదిపొరను, అడుగుపొరను కలిపి చెక్క చట్రానికి బిగించి, ఆడవాళ్లు చుట్టూ కూర్చుని చేత్తో కుడతారు. ఒక్కొక్కటి వందల డాలర్లు పలుకుతుంది. పాత చీరలు, పంచెలు పొరలుగా పరిచి మా అమ్మ కుట్టిన బొంతలోనూ అంత ఓపికే ఉంది. దానికి ధర కట్టవచ్చని మాకెవరికీ తోచలేదు.

మా యలమంచిలికి దగ్గరలోనే ఏటికొప్పాక ఉంది. అక్కడి హస్తకళాకారులు అంకుడు కర్రను తిప్పుతూ, గింజల నుంచి, బెరళ్ల నుంచి, ఆకుల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కను పట్టించి బొమ్మలు చేస్తారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ప్రభుత్వ హస్తకళల సంస్థ నడిపే లేపాక్షి దుకాణాల వల్ల అవి నగరాలకు చేరుతున్న మాట నిజమే, అది అవసరం కూడా. కానీ నగరంలో కొన్నవారికి లక్క కరిగి కర్రకు పట్టే క్షణం కనబడదు, అది చూసినవారు బేరమాడడానికి వెనకాడతారని నా అనుభవం.

అందువల్ల కళాకారులే నడుపుకునే ఒక అమ్మకపు కేంద్రాన్ని ఏటికొప్పాకలో కట్టించి, జాతీయ రహదారిపై దారి చూపే పెద్ద బోర్డులు పెట్టించాలని, ప్రతి వస్తువుమీద చేసినవారి పేరు ఉండేలా చూడాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. అంకుడు కర్ర దొరకడం కష్టమవుతున్నందున మొక్కల పెంపకం కూడా వెంటనే సాగాలి. ఆ కేంద్రంలో బొంతలకూ ఒక గది కేటాయించాలి, వాటిని కుట్టగలిగిన పెద్దవాళ్లు మా వీధిలోనే ఇంకా నలుగురున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
యలమంచిలి, అనకాపల్లి జిల్లా