ఓరియామెండి పెట్టెలు ఆలస్యం: మెరైన్లు లేకుండా పంపను

అందరికీ నమస్కారం.

లోహపు సైనికుల బొమ్మలతో బల్ల మీద ఆడే మన కొత్త యుద్ధం ఆట ఓరియామెండి పెట్టెలు దసరా లోపు మీ చేతికి అందిస్తానని జూన్‌లో మాటిచ్చాను. ఆ మాట నిలబెట్టుకోలేకపోతున్నాను. పెట్టెలో 96 బొమ్మలుంటే వాటిలో 84 సిద్ధంగా ఉన్నాయి, మ్యాపు ఉంది, రూల్‌బుక్ అచ్చయి వచ్చింది, కార్డులు, పాచికలు అన్నీ ఉన్నాయి. లేనివి 12 బొమ్మలే. అవి రాయల్ మెరైన్లవి, అంటే బ్రిటన్ నౌకాదళం తరఫున నేల మీద పోరాడే సైనికులవి. విడిగా అడిగినవాళ్లకి తప్ప, ఆ పన్నెండు లేకుండా పెట్టె కట్టనని నిర్ణయించుకున్నాను కాబట్టి ఇక సంక్రాంతికే. డబ్బు మొత్తం ముందే కట్టి ఎదురుచూస్తున్న 140 మందికీ ఈ సంగతి వాళ్ల నోటా వీళ్ల నోటా కాకుండా నా నోటి నుంచే తెలియాలని రాస్తున్నాను.

పాతవాళ్లకి ఈ కథంతా తెలుసు. మొన్న కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. స్పెయిన్ రాజు ఏడో ఫెర్నాండో 1833లో చనిపోయాడు. కూతురు ఇసబెల్‌కి అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. ఆ పాపని రాణిని చేశారు, తల్లి మరియా క్రిస్టినా రాజప్రతినిధి. ఫెర్నాండో తమ్ముడు డాన్ కార్లోస్ సింహాసనం నాదేనన్నాడు. అక్కడ మొదలైన అంతర్యుద్ధం 1840 దాకా సాగింది. ఇసబెల్ పక్షానికి సాయంగా బ్రిటన్‌లో 1835లో దాదాపు 10,000 మందితో ఒక వాలంటీర్ దళాన్ని కూడగట్టారు. దాని పేరు బ్రిటిష్ లీజియన్, నాయకుడు డి లేసీ ఇవాన్స్. సరైన జీతాల్లేవు, మొదటి చలికాలంలోనే విటోరియాలో టైఫస్ వచ్చి వందల మంది పోయారు, జీతం కోసం తిరగబడ్డ పటాలాలూ ఉన్నాయి. మన ఆటలో జీతం బకాయి కార్డులు ఎందుకున్నాయని అడిగినవాళ్లకి అదే జవాబు.

1837 మార్చిలో ఉత్తర స్పెయిన్‌లో మూడు దిక్కుల నుంచి కార్లిస్టుల మీద, అంటే డాన్ కార్లోస్ పక్షం మీద పడదామని ఇసబెల్ పక్షం ప్లాన్ వేసింది. సాన్ సెబాస్టియన్ నుంచి ఇవాన్స్, బిల్బావో నుంచి ఎస్పార్టెరో, పాంప్లోనా నుంచి సార్స్‌ఫీల్డ్, ఈ ఇద్దరూ ఇసబెల్ పక్షపు సేనానులు. సార్స్‌ఫీల్డ్ వాతావరణం బాగాలేదని సగం దారిలోంచి వెనక్కి తిరిగాడు. 15వ తేదీన ఇవాన్స్ ఓరియామెండి కొండ పట్టుకున్నాడు. 16న, సార్స్‌ఫీల్డ్ భయం తీరిపోయిన కార్లిస్టు సైన్యం డాన్ సెబాస్టియన్ నాయకత్వంలో హెర్నాని వైపు నుంచి వచ్చి పడింది. లీజియన్ చెదిరిపోయింది. కొండ దిగి సాన్ సెబాస్టియన్ గోడల వైపు పరుగు. ఆ పరుగు ఊచకోతగా మారకుండా దారి మీద వరుస చెదరకుండా నిలబడి కాల్పులు జరిపినవాళ్లు రాయల్ మెరైన్లు. వాళ్లు లీజియన్ వాళ్లు కారు, బ్రిటన్ ప్రభుత్వపు సొంత సైన్యం, తీరంలో ఉన్న లార్డ్ జాన్ హే నౌకాదళం నుంచి దిగినవాళ్లు. మన ఆట మొదలయ్యేది ఆ 16వ తేదీ పొద్దున్నే. ఇవాన్స్ తరఫున ఆడేవాళ్లు గెలవడమంటే కొండ నిలబెట్టుకోవడం కాదు, ఎంతమందిని గోడల లోపలికి చేర్చారన్నదే లెక్క.

ఇప్పుడు అసలు సంగతి.

మెరైన్ల పోత పనిని నేను మూడేళ్లుగా నమ్ముకున్న ఒకాయనకే ఇచ్చాను. పేరు రాయను. మునుపటి రెండు ఆటల్లో మీరు మెచ్చుకున్న గుర్రాలు ఆయన చేతివే, అది ఇప్పటికీ ఒప్పుకుంటాను. ఆరు భంగిమలు, ఒక్కోటి పెట్టెకి రెండు చొప్పున 12, 140 పెట్టెలకి 1,680 బొమ్మలు. సగం డబ్బు అడ్వాన్సు. తగరం ఎక్కువగా, కొంచెం ఆంటిమొనీ, సీసం అసలు వద్దు అని కాగితం మీద రాసిచ్చాను. మీలో చాలామంది ఇళ్లలో పిల్లలు ఈ బొమ్మలు ముట్టుకుంటారు, నోట్లో పెట్టుకునేవాళ్లూ ఉంటారు. ఈ విషయంలో నేనెప్పుడూ బేరమాడలేదు, ఆయనా అప్పటివరకు తప్పలేదు.

సరుకు వచ్చాక మొదటి సంచీ విప్పితే పైనున్న బొమ్మ తుపాకీకి బాయ్‌నెట్ (తుపాకీ మొనకి తగిలించే కత్తి) లేదు. రెండోదానికి ఉంది కానీ సగమే. మూడోదానికి ముఖం లేదు, కళ్లు ముక్కు ఉండాల్సిన చోట నున్నగా చింతపిక్కలా ఉంది. ఈ పని ఎలా జరుగుతుందో తెలియనివాళ్లకి చెప్పాలి. గుండ్రటి రబ్బరు మోల్డ్ గిర్రున తిరుగుతుంటే మధ్యలో కరిగిన లోహం పోస్తారు, ఆ విసురుకి అది అంచుల్లోకి పాకుతుంది. గాలి బయటికి పోవడానికి సన్నటి దారులు కోసి ఉండాలి, మోల్డ్ మరీ చల్లగా ఉండకూడదు, అరిగిపోయి ఉండకూడదు. ఇవి సరిగ్గా లేకపోతే లోహం తుపాకీ గొట్టంలో సగం దూరం వెళ్లి అక్కడే గడ్డకట్టేస్తుంది. 15 మిల్లీమీటర్ల మనిషికి బాయ్‌నెట్ ఎంతుంటుంది, చీపురుపుల్ల మొన అంత. అక్కడికి చేరలేదు.

నేనూ మా చెల్లెలూ రెండు రాత్రులు కూర్చుని 1,680 ఏరాం. ఆకారం బాగున్నవి 311. సరే, వీటితో ముందు ఆర్డరిచ్చిన పాతిక మందికైనా పంపేద్దాం అనుకున్నాను. అప్పుడు మా చెల్లెలు ఒక బొమ్మని తెల్లకాగితం మీద గీసి చూపించింది. పెన్సిలు గీతలా బూడిదరంగు చార పడింది. పాత లాట్‌లోని లీజియన్ బొమ్మ తెచ్చి అదే కాగితం మీద గీస్తే అలాంటి చార లేదు. తగరం ఎక్కువున్న ముక్కని చెవి దగ్గర పెట్టుకుని వంచితే సన్నగా కిరకిరమంటుంది. ఈ కొత్త వాటిలో ఒకదాని బేస్ పట్టుకుని వంచాను, చప్పుడు లేదు, మైనంలా వంగిపోయింది. సీసం కలిపాడు. 311కీ లోహం అదే కదా, కాబట్టి ఆ 311 కూడా పోయినట్టే.

ఫోన్ చేస్తే తగరం రేటు పెరిగిందన్నాడు. పెరిగింది, కాదనను. అయితే అడగాలి కదా, పెంచమంటే పెంచేవాణ్ణి. తర్వాత ఆయన అన్న మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. "ఎక్కడో స్పెయిన్‌లో రెండొందల ఏళ్ల కిందటి సిపాయిలు, ఇక్కడెవరు చూస్తారు తమ్ముడూ, నీ దగ్గర ఎర్రకోటు బొమ్మలు మిగిలి ఉన్నాయిగా, అవే వేసెయ్."

సీసం కన్నా ఈ మాటే ఎక్కువ బాధ పెట్టింది. ఎందుకంటే అది నిజంగా చెయ్యగలిగిన పనే. నా దగ్గర మిగులు లీజియన్ బొమ్మలు దాదాపు రెండు వేలున్నాయి. లీజియన్‌దీ ఎర్ర కోటే, మెరైన్లదీ ఎర్ర కోటే. పెట్టెలో పన్నెండు పడేసి, పెయింట్ షీటు (ఏ బొమ్మకి ఏ రంగు వెయ్యాలో చూపే కాగితం) మీద మెరైన్లు అని రాస్తే, ఆ సైజులో 140 మందిలో ఎంతమంది కనిపెడతారు? దసరాకి పెట్టెలు వెళ్లిపోతాయి, నాకు టెన్షన్ ఉండదు, అప్పూ ఉండదు. దాచేది లేదు, నాలుగు రోజులు ఆలోచించాను. ఒక రోజైతే లీజియన్ బొమ్మలు పన్నెండేసి చొప్పున కవర్లలో వేయడం కూడా మొదలుపెట్టాను, ఇరవై కవర్లు కట్టాను.

ఇరవై ఒకటో కవరు దగ్గర ఆగిపోయాను. మిగిలిన లీజియన్ బొమ్మలు ఏ భంగిమలో ఉన్నాయో మీలో శాంపిల్ చూసినవాళ్లకి తెలుసు. వెనక్కి తిరిగి చూస్తూ పరుగెత్తేవాడు, వీపు మీది సంచీ పారేసినవాడు, స్నేహితుణ్ణి భుజం మీద వేసుకుని నడిచేవాడు. నేనే అలా చేయించాను, ఆ రోజు కొండ దిగిన మనుషులు అలాగే ఉండాలని. మెరైన్లు అలా కాదు. మోకాలు వంచి గురిపెట్టినవాడు, తూటా నింపేవాడు, నిలబడి కాల్చేవాడు. పరుగెత్తే బొమ్మలు పన్నెండు తెచ్చి దారి మీద నిలబెట్టి వీళ్లే పారిపోనివాళ్లు అని మీకు చెప్పమంటారా? 1837లో జీతం అందక, జబ్బులతో చిక్కిపోయి, చివరికి చెదిరిపోయినవాళ్లు వేరు, వాళ్ల వెనక నిలబడినవాళ్లు వేరు. ఇద్దర్నీ ఒకే బొమ్మతో సరిపెడితే ఇద్దరికీ అన్యాయమే. కవర్లన్నీ విప్పేశాను.

అయినా ఇంకో పరీక్ష చేసి చూశాను. మెరైన్ల బేసులు, అంటే బొమ్మలు నిలిపే పలకలు, తీసేసి, ఆ చోట మామూలు లీజియన్ బేసులు వాటి రూల్స్ ప్రకారమే పెట్టి మా వర్క్‌షాపులో మూడుసార్లు ఆడాం. పన్నెండు టర్నుల ఆట మూడుసార్లూ ఐదో టర్నుకే అయిపోయింది. కార్లిస్టు ఆటగాడికి ఆలోచించే పనే లేదు, రోడ్డు పట్టుకుని సాగిపోవడమే. మెరైన్లు ఉన్నప్పుడు అతను ఆగాలి, పక్క నుంచి ఉరుమేయా నది వైపు చుట్టి రావాలా, ఎదురుగా దెబ్బ తినాలా తేల్చుకోవాలి, ఈలోపు అవతలివాడు ఇంకో రెండు బేసులు లోపలికి చేరుస్తాడు. ఆట ఉన్నదే అక్కడ.

రెజిన్‌లో త్రీడీ ప్రింట్ చేసి ఇవ్వొచ్చు కదా అని ఇద్దరు ముగ్గురు మంచి మనసుతోనే అడిగారు. చెయ్యను. లోహపు బొమ్మలని చెప్పి డబ్బు తీసుకున్నాను, లోహపు బొమ్మలే ఇస్తాను. పెట్టెలో 84 బరువుగా, 12 తేలిగ్గా ఉంటే చేత్తో పట్టుకున్న ప్రతిసారీ తెలుస్తూనే ఉంటుంది. దీన్ని మొండితనం అనుకున్నా ఫర్వాలేదు.

మాస్టర్ బొమ్మలు, అంటే మోల్డ్ చెయ్యడానికి వాడే అసలు నమూనాలు, ఆ పోత పని ఆయన దగ్గరే ఉండిపోయాయి. ఫోన్లు ఎత్తలేదు. ఒక రోజు ఉదయం తొమ్మిదింటికి వెళ్లి ఆయన షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. మధ్యాహ్నం ఒకటిన్నరకి న్యూస్‌పేపర్‌లో చుట్టి ఆరూ తెచ్చి చేతిలో పెట్టాడు. ఒకదాని తుపాకీ విరిగి ఉంది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. అడ్వాన్సు తిరిగి వస్తుందో రాదో తెలీదు, అది నా తలనొప్పి, మీ మీద వెయ్యను. విరిగిన బొమ్మ కొత్తగా చెక్కించాను. పోతకి వేరే ఊళ్లో ఒకామె ఒప్పుకున్నారు. చిన్న వర్క్‌షాపే, కానీ నా ఎదురుగానే లోహం తూకం వేసి కరిగించారు. తిప్పుకి 24 బొమ్మలు, అంటే 70 తిప్పులు, చెడిపోయేవి కలుపుకుని తొంభై అనుకుందాం. ఆమెకి వేరే ఆర్డర్లూ ఉన్నాయి, అందుకే సంక్రాంతి.

ఇంకో తప్పు ఉంది, అది పూర్తిగా నాదే. పెయింట్ షీటులో చాపెల్‌గోరీలని కార్లిస్టుల వరుసలో వేశాను. మన పాత కస్టమర్ ఒకరు శాంపిల్ చూడగానే పట్టుకున్నారు. బాస్క్ భాషలో ఆ మాటకి ఎర్ర టోపీ అని అర్థం, వాళ్లు గిపుస్కోవా (సాన్ సెబాస్టియన్ ఉన్న ప్రాంతం) వాలంటీర్లు, ఇసబెల్ పక్షాన ఇవాన్స్‌తో కలిసి పోరాడినవాళ్లు. ఎర్ర టోపీ తర్వాతి కాలంలో కార్లిస్టుల గుర్తు అయిపోవడంతో పొరపడ్డాను, చూసుకోవాల్సింది. షీటు మళ్లీ అచ్చు వేయించాను. ఆ శాంపిల్ షీటు తీసుకెళ్లిన పదకొండు మంది దయచేసి దాన్ని చూసి రంగులు వేయకండి.

డబ్బు సంగతి. ధర 6,400 రూపాయలే, తగరం పెరిగినా ఒక్క రూపాయి అడగను. ఆర్డర్ వద్దనుకునేవాళ్లు మెసేజ్ పెట్టండి, వారం లోపు మొత్తం వెనక్కి వేస్తాను, కారణం అడగను. ఇప్పటికి తొమ్మిది మంది తీసుకున్నారు. వాళ్లలో ఒకరు మొదటి ఆట నుంచీ ఉన్నవారు, "పన్నెండు బొమ్మల కోసం ఇంత రచ్చా" అని రాశారు. బాధేసింది, డబ్బు మాత్రం అదే రోజు వేసేశాను. 84 బొమ్మలు ముందు పంపు, మెరైన్లు తర్వాత పంపు అనేవాళ్లకి అలాగే పంపుతాను, రెండో పార్సిల్ కొరియర్ ఖర్చు నాదే. అమెరికా, ఆస్ట్రేలియా వాళ్లకి మాత్రం రెండుసార్లు పంపడం నా వల్ల కాదు, కాస్త ఓపిక పట్టండి. సీసం కలిసిన 1,680 ఒక డబ్బాలో సీలు వేసి ఉన్నాయి, వాటిలో ఒక్కటి కూడా బయటికి వెళ్లలేదు, వెళ్లదు.

కొత్త పోతలో మొదటి పన్నెండు వచ్చే వారం వస్తున్నాయి. శనివారం సాయంత్రం ఐదు నుంచి వర్క్‌షాపు తెరిచే ఉంటుంది. వాటిని రంగు వెయ్యకుండా అలాగే బల్ల మీద పెడతాను, పక్కన ఒక తెల్లకాగితం కూడా. వచ్చి గీసి చూసుకోండి.