మలావి నుంచి బావకి ఉత్తరం

ఒరేయ్ బావా,

నీ మెసేజ్ చదివి నవ్వొచ్చింది. "ఆఫ్రికా వెళ్లావుగా, ఇప్పటిదాకా ఎంతమందిని మతంలో కలిపావురా?" అన్నావు. ఒక్కళ్లని కూడా లేదురా. కలపడానికి ఇక్కడ ఎవరు మిగిలారని? మా యవ్వనస్థుల కూడికకి వచ్చే పిల్లల ముత్తాతలే బాప్తిస్మం తీసుకున్నారు. ఆదివారం నేను గుడికి ఆలస్యంగా వెళ్తే, ఒంట్లో బాగాలేదా అని వాళ్లే నన్ను అడుగుతారు.

నేనుండేది ఉత్తర మలావిలో, రుంఫీ జిల్లాలో. లివింగ్‌స్టోనియా అనే పాత మిషన్ ఊరు ఈ జిల్లాలోనే, మలావి సరస్సు పైన కొండ మీద ఉంది. స్కాట్లండ్ మిషనరీలు 1875లో సరస్సు దక్షిణం వైపు కేప్ మెక్లియర్‌లో దిగారు. మలేరియాకి ఒకరి తర్వాత ఒకరు పోయారు. 1881లో సరస్సు ఒడ్డునే ఉన్న బందావేకి మారినా జ్వరాలు వదల్లేదు. చివరికి 1894లో మిషన్ పెద్ద డాక్టర్ రాబర్ట్ లాస్ ఈ కొండ ఎక్కాడు. ఒడ్డున చితింబా నుంచి పైకి వచ్చే మట్టిరోడ్డులో ఇరవై హెయిర్‌పిన్ మలుపులు. దీని ముందు మన శ్రీశైలం ఘాట్ నున్నటి హైవే.

ఇక్కడ లాస్ పేరు తెలియనివాళ్లు లేరు. నాకు మాత్రం విలియం కోయి మీద గురి. దక్షిణాఫ్రికాలో లవ్‌డేల్ స్కూల్లో చదివిన ఖోసా తెగ మనిషి. 1876లో వచ్చాడు. ఇక్కడి న్గోని తెగ వాళ్ల భాష అతని భాషకి దగ్గర. తెల్లవాళ్లని నమ్మని న్గోనిలు అతనితో కూర్చుని మాట్లాడారు. ఏళ్ల తరబడి వాళ్ల మధ్యే బతికాడు. న్గోని రాజు బడులకి ఒప్పుకున్నది 1886లో, కోయి చనిపోయింది కూడా ఆ ఏడాదే. ఆఫ్రికాకి సువార్త తెల్లవాళ్లే మోసుకొచ్చారని మన సండే స్కూల్లో చెప్పేవాళ్లు కదా, ఈయన పేరు ఒక్కరైనా చెప్పారా? ఆ తర్వాత కూడా చూడు, మొదటి ముగ్గురు ఆఫ్రికన్ పాస్టర్లకి ఇక్కడ అభిషేకం ఇచ్చింది 1914లో. ముప్పై తొమ్మిదేళ్లు పట్టింది! అందులో ఒకాయన, యెసయా జెరెంజి మ్వాసి, 1933లో విడిపోయి సొంత సంఘం పెట్టుకున్నాడు. పెట్టుకోడా మరి?

పాటల సంగతి నీకు నచ్చుతుంది. న్గోని విశ్వాసులు తమ యుద్ధపాటల, పెళ్లిపాటల వరసల్లోనే కీర్తనలు కట్టుకున్నారు. డోనాల్డ్ ఫ్రేజర్ అనే మిషనరీ దాన్ని ప్రోత్సహించాడు. మన పురుషోత్తమ చౌధరిగారు తెలుగు రాగాల్లో కీర్తనలు రాయలేదూ, అలాగే. ఇప్పటి పిల్లలకి కూడా క్వయరే ప్రాణం. ఒక్క సంఘంలోనే రెండు మూడు క్వయర్లు, ఒక్కోదానికి ఒక్కో రంగు బట్ట, పైగా పోటీ. అబ్బాయిలకి ఫుట్‌బాల్, అమ్మాయిలకి నెట్‌బాల్. ఇవి లేని కూడికకి నేను వెళ్తే పాస్టర్‌గారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సిందే.

నా పని అంటావా, ఐటీఐలో నేర్చుకున్నదే. సోలార్ వైరింగ్ నేర్పుతున్నాను. ఊళ్లలో కరెంటు లేనట్టే. ఫోన్ మాత్రం చాలామంది దగ్గర ఉంది, సిమ్ మన ఎయిర్‌టెల్! డబ్బులిచ్చి కొట్లో చార్జింగ్ పెట్టించుకుంటారు. అందుకే ఈ పనికి గిరాకీ ఉంది. ప్రాథమిక చదువు 1994 నుంచి ఉచితమే కానీ, ఆ పైన చదవాలంటే హాస్టల్, పుస్తకాలు, దారి ఖర్చు. ఆగిపోయిన కుర్రాళ్లు కబాజా తోలుతారు, అంటే బైక్ టాక్సీ. లేదంటే పని వెతుక్కుంటూ దక్షిణాఫ్రికాకి, జోహన్నెస్‌బర్గ్ బస్సు ఎక్కేస్తారు.

మొన్న కూడికలో బైబిల్లోని యోసేపు కథ చదివాం. అన్నలు అమ్మేయడం, జైలు, కలలు, ఇవన్నీ నేను బాగానే ప్రిపేరయ్యాను. ఒకమ్మాయి లేచి, "ఐగుప్తులో అంత పెద్ద పదవి వచ్చాక తండ్రికి ఒక్క కబురైనా ఎందుకు పంపలేదు?" అంది. వాళ్లన్నయ్య జోహన్నెస్‌బర్గ్ వెళ్లాడు, చాన్నాళ్లుగా ఫోన్ లేదట. ఇంకో కుర్రాడు యోసేపు తరఫున వాదించాడు: ఒట్టి చేతులతో ఫోన్ చేయడానికి సిగ్గుండదా అని. "గవర్నర్‌కి ఒట్టి చేతులేంటి?" అని ఆ పిల్ల ఊరుకోలేదు. అరగంట అరుచుకున్నారు. నా నోట్స్ నా దగ్గరే ఉండిపోయాయి. ఇన్నేళ్లుగా ఆ కథ వింటున్నాను, తండ్రి యాకోబు వైపు నుంచి ఒక్కసారీ ఆలోచించలేదురా.

నచ్చనిది కూడా చెప్పాలి కదా. 2017 నుంచి ఇక్కడ పెళ్లి వయసు రాజ్యాంగంలోనే పద్దెనిమిది. దెడ్జా జిల్లా వైపు తెరెసా కచిందమోటో అనే సంప్రదాయ పెద్ద వందల బాల్యవివాహాలు రద్దు చేయించారు. అయినా కొన్ని సంఘాల్లో, పెళ్లికాని అమ్మాయి గర్భవతి అయితే ప్రభువు బల్లకి దూరంగా ఉంచుతారు, క్వయర్ నుంచీ తీసేస్తారు. అబ్బాయి మాత్రం ఎంచక్కా డ్రమ్ వాయిస్తుంటాడు. మన దగ్గర తక్కువా అంటావు, నాకు తెలుసులే.

ఇక బయటి దేశాల నుంచి రెండు వారాలకని వచ్చే టీములు. టీషర్టులేసుకుని బడి గోడలకి రంగులేసి, పిల్లల్ని ఎత్తుకుని ఫొటోలు దిగి వెళ్లిపోతారు. నూరేళ్ల కిందటే మేస్త్రీలనీ వడ్రంగులనీ తయారు చేసిన కొండరా ఇది! ఆ టికెట్ డబ్బులు ఇక్కడి కుర్రాళ్లకి కూలిగా ఇస్తే గోడలూ అవుతాయి, చదువు ఖర్చులూ అవుతాయి. పైకి అనలేను, నీతో కాబట్టి అంటున్నా.

ఒక పని చేసిపెట్టు. తెలిసినవాళ్లెవరైనా ఇటు వస్తుంటే రెండు మంచి మల్టీమీటర్లూ, క్రింపింగ్ టూల్ ఒకటీ పంపు. మొక్కజొన్న కోతల దాకా ఇక్కడ అందరికీ చేతులు ఖాళీయే, కాబట్టి డబ్బులు నేనే వేస్తాను. మామిడికాయ పచ్చడి అడగను, ఎలాగూ చెల్లెమ్మ పెడుతుంది.

నీ,
బావ