ఏసీలు కొనేముందు స్లాబు సంగతి చూడు

సత్యనారాయణపురం, విజయవాడ

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. గుంటూరు లక్ష్మీపురంలో సొంత ఫ్లాట్ అంటే మాటలా! అత్తయ్యగారు ఎంత పొంగిపోయి ఉంటారో ఊహించుకోగలను. ఎండలు ముదిరేలోపు రెండు ఏసీలు, అత్తయ్యగారి ఆయాసానికి ఒక ఎయిర్ ప్యూరిఫయర్, పైన సోలార్ అన్నీ ఒకేసారి పెట్టించేస్తాను, ఏ కంపెనీవి కొనాలో చెప్పమన్నావు. కంపెనీల సంగతి తర్వాత చూద్దాం. ముందు నీ స్లాబు సంగతి చూడాలి.

నీది పై అంతస్తు. మన విజయవాడ, గుంటూరు ఎండలకి కాంక్రీటు స్లాబు పగలంతా వేడి తాగి, రాత్రంతా మన మీదకి వదులుతుంది. మేలో రాత్రి పదింటికి స్టూలెక్కి సీలింగుకి అరచెయ్యి ఆనించి చూడు, ఇంకా కాలుతూనే ఉంటుంది. ఫ్యాను వేస్తే ఆ వేడిగాలే కిందకి కొడుతుంది. అలాంటి గదిలో ఏసీ పెడితే అది గదిని చల్లబరచడానికన్నా స్లాబుతో పోరాడటానికే ఎక్కువ కరెంటు తింటుంది. యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది కదా, బిల్లు చూసి టెన్షన్ పడేది నువ్వే.

అందుకని అసోసియేషన్ వాళ్ళని అడిగి ముందు డాబా మీద తెల్ల సున్నం వేయించు. కూల్ రూఫ్ పెయింట్లు దొరుకుతున్నాయి, మన్నిక కూడా ఎక్కువే, కానీ ఖర్చు ఎక్కువ. గుల్లసున్నం రాత్రి నీళ్ళలో నానబెట్టి, పొద్దున పల్చటి గుడ్డలో వడగట్టి, అంటుకోవడానికి కాస్త ఫెవికాల్ కలిపి, కడిగి ఆరబెట్టిన డాబా మీద రెండు పూతలు వేస్తే ఈ వేసవికి చాలు. ఎండ దిగాకే వెయ్యాలి. కాలుతున్న స్లాబు మీద వేస్తే తడి వెంటనే ఇగిరిపోయి పొడిపొడిగా రాలిపోతుంది. వానలకి కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా ఫిబ్రవరి, మార్చిల్లో మళ్ళీ వేసుకోవాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది. తెల్లటి పైకప్పు ఎండని తిప్పికొడుతుందన్నది మన పెద్దవాళ్ళకి ఎప్పటినుంచో తెలిసిన విషయమే.

తర్వాత పడమటి గోడ. సాయంత్రం ఎండ నీ హాలు కిటికీ అద్దంలోంచి సూటిగా లోపలికి వస్తుందని రాశావు. లోపల ఎంత మందం కర్టెన్ కట్టినా, ఎండ అద్దం దాటి గదిలోకి వచ్చేసినట్టే. అడ్డం బయటే ఉండాలి. బాల్కనీకి వెదురు తడకలు కట్టించు. వడగాడ్పుల రోజుల్లో వట్టివేళ్ళ తడకలు తడిపితే హాయిగా ఉంటుంది. ఉక్కపోత రోజుల్లో మాత్రం తడపకు, గాలిలో తేమ పెరిగి ఇంకా చిరాకు పెడుతుంది.

ఫ్యాన్లు మార్చు. పాత ఫ్యాను 75 వాట్ల దాకా లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర ఆగుతుంది. రోజుకి పదిహేను గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకి నెలకి ఇరవై యూనిట్ల దాకా మిగులుతాయి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి కూడా స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు, అది చూసి కొను. ఏసీ వద్దనడం లేదు, అత్తయ్యగారి గదిలో ఒకటి పెట్టు. కాకపోతే 26లో పెట్టి ఫ్యాను తిప్పు. ఒక్క డిగ్రీ పెంచితే కరెంటు దాదాపు ఆరు శాతం తగ్గుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క.

ఇప్పుడు అసలు భయపెట్టే విషయానికి వస్తాను. చల్లదనం బయటకి పోకూడదని మనం తలుపులూ కిటికీలూ బిగించేస్తాం. స్ప్లిట్ ఏసీ బయట గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. రాత్రంతా ముగ్గురు పడుకున్న గదిలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పెరుగుతూ పోతుంది. పొద్దున లేవగానే తల దిమ్ముగా ఉండటానికి అదీ ఒక కారణమే. దాని మీద దోమల చక్రం వెలిగిస్తే ఇక చెప్పక్కర్లేదు. ఒక్క చక్రం కాలితే వచ్చే సన్నని ధూళి 75 సిగరెట్లకి తక్కువ కాదని పరిశోధకులు కొలిచి చెప్పారు. ఆయాసం ఉన్న మనిషి గదిలో అది ఉండనే కూడదురా. కిటికీలకి మెష్ కొట్టించు, దోమతెర కట్టు. అగరొత్తులు, సాంబ్రాణి మానమంటే అత్తయ్యగారు ఒప్పుకోరు, నేనూ అనను. పూజ అవుతున్నంతసేపూ ఆ గది కిటికీ తెరిచి ఉంచితే చాలు.

పాత ఇళ్ళలో గోడ పైభాగాన వెంటిలేటర్లు ఉండేవి, వేడిగాలి అటునుంచి పోయేది. ఇప్పుడు వాటి చోట లాఫ్టులు కట్టి మూసేస్తున్నారు, చూస్తే బాధేస్తుంది. నీ ఫ్లాట్‌లో ఉంటే మాత్రం మూయించకు. తెల్లవారుజామున ఐదు నుంచి ఏడు దాకా, రాత్రి బయట చల్లబడ్డాక కాసేపు, ఎదురెదురు కిటికీలు తెరువు. ఎండ చురుక్కుమనే వేళకి మూసెయ్.

వంటింట్లో చిమ్నీ పెట్టిస్తే పైపు గోడ బయటకి తీయించు. పైపు లేని చిమ్నీ జిడ్డు పట్టుకుంటుంది కానీ గ్యాస్ మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్‌ని మళ్ళీ గదిలోకే వదిలేస్తుంది. పోపులో ఎండుమిరపకాయ మాడితే ఇల్లంతా దగ్గి వెంటనే కిటికీ తీస్తాం. ఈ వాయువు అలా చెప్పి రాదు. మామూలు ప్యూరిఫయర్ కూడా ఎక్కువగా దుమ్మునే పడుతుంది, ఇలాంటి వాయువుల్ని పెద్దగా కాదు. అందుకే దాన్ని ఆఖర్న పెట్టుకో.

ఇది మాత్రం ఈ వారమే చెయ్. పాత ఓనర్ బాత్రూం లోపల గ్యాస్ గీజర్ బిగించాడని రాశావు చూడు, దాన్ని తీయించి బయట బాల్కనీలో పెట్టించు, లేదా కరెంటు గీజర్‌కి మారు. మూసిన బాత్రూంలో అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. స్నానానికి వెళ్ళిన మనిషి అక్కడే కుప్పకూలిపోతాడు, ఇలా పోయినవాళ్ళు ఎందరో. అప్పటిదాకా ఎవర్నీ దాన్ని వెలిగించనివ్వకు.

గోడ చెమ్మ సంగతి కూడా అడిగావు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మా పిన్నివాళ్ళింట్లో నడుం ఎత్తున నీళ్ళు నిలిచాయి. గోడ ఆరకముందే రంగు వేయించారు. నెల తిరక్కుండా పొక్కులు లేచి, వెనకాల నల్లటి బూజు, ముక్కు పగిలే వాసన. నీ బాత్రూం గోడలోనూ పైపు కారుతోందేమో ప్లంబర్‌కి చూపించు. లీకు ఆగి, గోడ పూర్తిగా ఆరాకే రంగు.

సోలార్ మంచిదే. ఇళ్ళ మీద సోలార్‌కి కేంద్రం పెట్టిన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. కానీ డాబా అందరిదీ కాబట్టి అసోసియేషన్‌లో మాట్లాడుకోవాలి. ముందు వాడకం తగ్గించుకుంటే చిన్న ప్లాంటే సరిపోతుంది, నీకు ఖర్చూ తగ్గుతుంది.

వచ్చే ఆదివారం నేను గుంటూరు వస్తున్నాను. గుల్లసున్నం పాత బస్తీ నుంచి నేనే తెస్తాను. నువ్వు పెద్ద డ్రమ్ము ఒకటి, రెండు కుచ్చుల బ్రష్షులు సిద్ధం చెయ్. సున్నం నానేటప్పుడు వేడెక్కి చిందుతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకు. డాబా పొడవూ వెడల్పూ కొలిచి రేపే ఫోన్లో చెప్పు, దాన్నిబట్టి ఎన్ని కేజీలు కావాలో చూస్తాను.

నీ
రమణ